మగ్గం కాళ్లు, రేసు బండి

ముందుగాల ఉపేందర్ నడుము సంగతి చెప్పాలె. ఈ కథల బండిని ఎంచుకున్నది ఆ నడుమే. ఉపేందర్ ఉత్త సంతకం పెట్టిండు, అది గూడ ఒకసారి కాయితం తలకిందులు పట్టుకొని.

నడుము వయసు నలభై ఆరేండ్లు. అందుల ముప్పై మూడేండ్లు మట్టెవాడల సొంతింట్ల, గుంట మగ్గం ముంగట వంగి గడిచినయ్. ఏడో తరగతి సగంల ఉండంగ వాళ్ల నాయిన వెంకటరాజం ఒకనాడు బడికొచ్చి, "వీడు మీకు పనికొస్తలేడు సారూ, నాకు పనికొస్తడు" అని చెయ్యి పట్టుకొని తోలుకపోయిండు. ఒక్క సారు అడ్డం పడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఉపేందర్‌కు ఇప్పటికీ కడుపుల మంటే. పిలగాడు తెలివిగల్లోడు, సదువుకోనియ్యి అని ఒక్కరన్న అబద్ధం చెప్పకపోయిరి. లెక్కల సారైతే గేటు దాక వచ్చి సాగనంపిండు.

గుంట మగ్గం అంటే నేలల తవ్విన గుంట. అందుల కాళ్లు ఏలాడేసి గట్టు మీద కూసోవాలె. కాళ్ల కింద రెండు తొక్కుడు చెక్కలుంటయ్. ఎడమది తొక్కితే సగం పోగులు లేస్తయ్, కుడిది తొక్కితే తక్కిన సగం. లేచిన సందుల నుంచి అడ్డం పోగు తీసి, ఇనుప పంజాతోని కొట్టి, కాలు మార్చాలె. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఉపేందర్ నోరు మంత్రులను తిడుతున్నా, చుట్టాలను తిడుతున్నా, కాళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుంటనే ఉండేటియి. "నా కొడుకు ఒంట్లె బుద్ధిమంతులంటే కాళ్లే" అని తల్లి లచ్చవ్వ అనేది.

అట్ల నేసిన జంపఖానాలు ఏమైనయ్? పెండ్లిళ్లల్ల, మీటింగులల్ల మంది కింద పరిచిండ్రు. ఉపేందర్ దృష్టిల ఆయన బతుకంతా మంది కూసునేతందుకు మెత్తగ చేసుడే. చివరికి ఆ మంది గూడ లేచి ప్లాస్టిక్ కుర్చీలల్ల కూసున్నరు. నేల మీద కూసునేటోడే లేనప్పుడు జంపఖానా ఎవనికి? మగ్గం మీద సగం నేసిన ఎర్రంచు జంపఖానా ఒకటి అట్లనే ఉండంగ, రెండేండ్ల కింద పని ఆగిపోయింది.

గీసుగొండ అవతల ఒక కొత్త బట్టల మిల్లుల కొలువు దొరికింది. మిషన్ మీద తెగిన పోగును ముడేసే పని. వేళ్లకు కొత్తేం కాదు. గని నిలబడి చెయ్యాలె. ఇంటి నుంచి మిల్లుకు పద్దెనిమిది కిలోమీటర్లు. పాత మోపెడ్ మీద నిటారుగ కూసొని, గుంతలన్నీ లెక్కపెట్టుకుంట పోయి, గేటు కాడ దిగంగనే నడుము పట్టేసేది. కొక్కెం లెక్క వంగిపోయి, మిషన్ ఫ్రేమును రెండు చేతులతోని పట్టుకొని అరగంట నిలబడితేగని మనిషి సాపు కాకపోయేది.

నెల మొదట్ల మేనేజర్ రాజేశ్వర్ రావు పిలిచిండు. ఆయన గట్టిగ మాట్లాడే మనిషి కాదు, అదే ఎక్కువ భయం.

"ఉపేందర్, నీ చేతి పనికి వంక పెట్టలేం. గని పొద్దుగాల అరగంట నువ్వు మిషన్‌ను పట్టుకొని నిలబడ్తానవా, మిషనే నిన్ను పట్టుకొని నిలబెడ్తాందా, నాకు సమజైతలేదు."

"నడుమున్నది సార్..."

"నడుము అందరికుంటది. నెలాఖరు దాక చూస్త. ఎనిమిదింటికి వచ్చి నిలబడు. లేకుంటే నీకు నేను, నాకు నువ్వు దండం పెట్టుకుందాం."

నెలాఖరుకు ఇరవై రెండు దినాలున్నయ్. నలభై ఆరేండ్ల వయసుల, ఏడో తరగతి సగం సదువుతోని, ఇంకో మిల్లు గేటు కాడ నిలబడుడు ఎట్లుంటదో ఉపేందర్‌కు ఎరుకే. అసలు ఆ నడుముతోని నిలబడుడే లేదు.

చౌరస్తా కాడి దవాఖానల డాక్టర్ ఫోటో తీపిచ్చి, వెలుతురుకు పట్టి చూసి, "ముందుకు వంగొద్దు. నిటారుగ కూసో. ఆ మోపెడ్ బంద్ చేసి, మంచి సీటున్న మోటర్ సైకిల్ కొనుక్కో" అన్నడు. ముందుకు వంగొద్దని మగ్గపోనికి చెప్పుడంటే, చేపను పట్టుకొని తడవొద్దు అన్నట్టే. గని డాక్టర్ కాబట్టి ఉపేందర్ తలూపిండు. తలూపినా నొప్పి లేసింది.

ఇంటికొచ్చి చెప్పంగనే భార్య పద్మలత ఒక షరతు పెట్టింది. "కొంటే కొను. చిట్టి పైసలు ఎట్లన్న వచ్చినయ్. గని ఆ బండి నీ మిల్లుకే కాదు, మా ఏటూరునాగారం గూడ పోవాలె. మా నాయినను చూసి ఎనిమిది నెలలైంది. బస్సు ఎక్కితే ములుగు కాడనే నాకు వాంతులైతయ్."

"నూరు కిలోమీటర్లు!"

"నేను పెండ్లై వచ్చిననాడు గూడ నూరే ఉండె. అప్పుడు దగ్గరనే అని చెప్పిండ్రు మీ అవ్వగారు."

లచ్చవ్వ రాట్నం ముంగట కూసొని, పక్కింటి ఎల్లస్వామి మగ్గానికి కండెలు చుడుతున్నది. ఏం వినపడనట్టు ఇంకింత జోరుగ తిప్పింది.

ఇగ సలహాలకు ఓంకార్ ఉండనే ఉన్నడు. ఉపేందర్ చిన్నప్పటి దోస్తు, మట్టెవాడల పంక్చర్ దుకాణం. బండ్ల గురించి ఆయనకు తెల్వనిది లేదు. తెల్వంది ఉంటే అది అవసరం లేదు. "మైలేజీ చూడాలె, మీద కూసుంటే పేపర్ చదివినట్టు ఉండాలె" అని, దోస్తుల కాడ మూడు బండ్లు అడుక్కొచ్చి ఉపేందర్‌ను ఎక్కించిండు. మూడింటి మీద ఉపేందర్ డాక్టర్ చెప్పినట్టే నిటారుగ, ఫోటో దిగుతున్నట్టు కూసున్నడు. మూడింటి మీది నుంచీ కొక్కెం లెక్కనే దిగిండు. మూడోదాని యజమాని అయితే భయపడి, బండి గుంజుకొని పోయిండు.

"నీకు బండి కాదురా, మంచం గావాలె. దానికి ఇంజన్ పెట్టాలె" అన్నడు ఓంకార్.

పదమూడు దినాలు మిగిలిన ఒక ఆదివారం ఇద్దరు గలిసి నయీంనగర్‌ల భానుచందర్ సెకండ్ హ్యాండ్ బండ్ల దుకాణానికి పోయిండ్రు. భానుచందర్ ఏ మాటనన్న 'అన్నా'తోని మొదలుపెట్టి 'అన్నా'తోనే ముగించే మనిషి. "అన్నా, మీ వయసుకు ఇది పెద్దమనిషి బండి అన్నా" అని ఒక నల్లదాన్ని చూపెట్టిండు. ఉపేందర్ దాని మీద ఒక చక్కరు కొట్టి వచ్చిండు. దిగిండు. నడుము పట్టేసింది. ఏదో ఒకటి పట్టుకోవాలె, లేకుంటే బోర్ల పడుడే. పక్కన ఏదో ఎర్రగ కనపడ్డది. దాని మీదికి కాలేసి ఒరిగిండు.

చేతులు పోయి కిందికి ఉన్న హ్యాండిళ్ల మీద పడ్డయ్. రొమ్ము పోయి టాంకీ మీద ఆనింది. కాళ్లు ముడుచుకొని ఎనుకకు పోయినయ్.

నొప్పి ఆగిపోయింది.

కొంచెం తగ్గుడు కాదు, మిల్లుల కరెంటు పోయినట్టు ఒక్కసారే ఆగింది. ఉపేందర్ కండ్లు మూసుకున్నడు. ముప్పై మూడేండ్ల సంది ఆయన నడుముకు తెలిసిన ఒకే ఒక్క మంచి జాగ అది. ముందుకు వంగి, చేతులు చాపి, తలకాయ కొంచెం పైకెత్తి. మగ్గం ముంగట కూసున్నట్టే ఉన్నది. డాక్టర్ చదువంతా ఒకదిక్కు, ఈ నడుము ఒకదిక్కు.

"ఉపేందరూ! ఉన్నవా?" ఓంకార్ భుజం మీద తట్టిండు.

"జర ఆగు. లేపకు."

"అన్నా, టేస్టున్న మనిషివి అన్నా!" భానుచందర్ మొఖం వెలిగిపోయింది. "స్పోర్ట్స్ బైక్ అన్నా. ఇంజినీరింగ్ పిలగాడు అమ్మిపోయిండు. ఆఫీసుకు తోలుకో, లాంగ్ తోలుకో, అలుపు రాదన్నా."

అప్పుడు కండ్లు తెరిచి చూసిండు ఉపేందర్. నెత్తురు రంగు. టాంకీ ఆంబోతు మూపురం లెక్క ఉన్నది. ఎనుక కూసునే సీటైతే పూజల కాడ వేసే పీటంతనే ఉన్నది, అది గూడ ముంగటి సీటు కన్న జానెడు ఎత్తుల. నంబర్ ప్లేటు మీద ఇంగ్లీషుల ఏదో స్టిక్కర్. ఏడో తరగతి ఇంగ్లీషును ఒక్కొక్క అక్షరం కూడగట్టి చదివిండు. డాడీ గిఫ్ట్.

"నీకు మీ డాడీ ఏం గిఫ్టిచ్చిండురా?" అన్నడు ఓంకార్.

"ఈ నడుమిచ్చిండు."

"అరె, నవ్వులాటకు కాదు. దీని మైలేజీ చూడు. నీ మొఖం చూడు. ఏటూరునాగారం పోవాలంటే వదినెను ఆ సీటు మీదికి ఎక్కియ్యనీకి నిచ్చెన గావాలె. వాడల ఎవ్వడన్న నిన్ను బతుకనిస్తడా?"

ఉపేందర్‌కు అవన్నీ ఎరుకే. ఆయన మొఖం ఆయన రోజూ చూసుకుంటనే ఉన్నడు. గని నొప్పి లేకుంట రెండు నిమిషాలు గడిచి ఎన్నేండ్లైందో లెక్క చెయ్యనీకి లెక్కల సారే రావాలె. "తాళం ఇయ్యి తమ్మీ" అన్నడు.

హెల్మెట్ పెట్టుకొని కేయూ క్రాస్ దిక్కు పోయిండు. మొదటి కిలోమీటరు ఎంత సుఖంగ ఉండెనో చెప్పాలంటే, ఆయన పెండ్లినాడు గూడ అంత సుఖపడలేదు. పెండ్లినాడు గూడ నడుము నొప్పే ఉండె. గాలి తలకాయ మీదికెల్లి పోతాంది. బండి పోతాంది. ఉపేందర్ పోతాండు. ఇగ మిల్లు కొలువు ఎటు పోదు, రాజేశ్వర్ రావు ముంగట ఎట్ల నిలబడాలె, చేతులు ఎనుకకు కట్టుకొని నిలబడాల్నా, కట్టుకోకుంట నిలబడాల్నా అని మనసు ఎటో పోయింది.

మనసు ఎటు పోయినా కాళ్లు బుద్ధిమంతులు కద. ఎడమ కాలు తొక్కింది. అక్కడ గేరు ఉన్నది. కుడి కాలు తొక్కింది. అక్కడ బ్రేకు ఉన్నది. మల్ల ఎడమ. మల్ల కుడి. బండి గుర్రుమని ముక్కింది, ఊగింది, ఆగబోయింది, దుంకింది. ఉపేందర్‌కు ఏం సమజు కాలేదు. భయానికి రైజ్ ఇచ్చిండు. కాళ్లు ఇంకింత జోరందుకున్నయ్. రోడ్డు పక్కన ఎవలో ఇల్లు కట్టుకుంట పోసుకున్న ఇసుక కుప్ప ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఈ కథ ఇక్కడనే ఆగేది. బండి కుప్ప ఎక్కి ఒరిగింది. ఉపేందర్ కుప్ప అవతల దిగిండు.

చాయ్ బండి కాడ ఉన్న కాలేజీ పిలగాండ్లు చప్పట్లు కొట్టిండ్రు. "అంకుల్, ఇంకొక్కసారి! వీడియో సగమే వచ్చింది!"

ఓంకార్, భానుచందర్ ఉరుక్కుంట వచ్చిండ్రు. భానుచందర్ ముందుగాల బండిని చూసిండు. "ఏం కాలేదన్నా, గీత గూడ పడలేదన్నా" అని సంతోషపడ్డడు. తర్వాత యాదికొచ్చి, "మీకేమన్న తాకిందా అన్నా" అన్నడు. ఉపేందర్ నోట్లె ఇసుక ఉండబట్టి మాట్లాడలేదు.

ఇంటికి చేరేసరికి వీడియో ఆయన కన్న ముందుగాల చేరింది. వాడల సగం మంది ఫోన్లల్ల, ఇసుక మీద నాలుగు కాళ్ల మీద పారాడుతున్న ఉపేందర్.

"ఇంత జేసి బండి మంచిగ లేదా?" అని అడిగింది పద్మలత, మోచేతికి పసుపు పెట్టుకుంట.

"బండి బంగారం. నాకే రాదు. నాకేదొచ్చింది గనుక? సదువు రాలేదు, యాపారం రాలేదు. ఎంచుకున్నదల్లా ఎదురు తిరిగింది. నడుముకు నచ్చిన ఒక్క బండి కాళ్లకు నచ్చలేదు."

"పడేటప్పుడు ఏం చేసినవ్ కొడుకా?" రాట్నం ఆపి అడిగింది లచ్చవ్వ.

"ఏం జేస్త? ఇట్ల కూసున్న." పీట మీద కూసొని వంగి చూపెట్టిండు. "చేతులిట్ల. బండి మంచిగనే పోతాంది. ఇంతల కాళ్లు ఇట్ల, ఇట్ల, ఇట్ల..."

లచ్చవ్వ చూడలేదు. ఆమె చూపు ఎట్లన్న అంతంతే. తలకాయ ఒరగేసి విన్నది. నేల మీద ఆయన పాదాల చప్పుడు. ధబ్, ధబ్, ధబ్, ధబ్.

"ఆపు" అన్నది. "నువ్వు బండి తోల్లేదురా. జంపఖానా నేసినవ్."

పద్మలతకు నవ్వు పట్టింది. కొంగు నోట్లె కుక్కుకున్నా ఆగలేదు. "రోడ్డు మీద... రోడ్డు మీద నేసిండత్తమ్మా!"

ఉపేందర్ ముందుగాల కోపానికొచ్చిండు. తర్వాత కాళ్ల దిక్కు చూసుకున్నడు. నిజమే. మోపెడ్‌కు తొక్కేటియి లేవు. ఓంకార్ తెచ్చిన బండ్ల మీద నిటారుగ కూసున్నడు కాబట్టి కాళ్లకు అది బండి అనే తెలిసింది. గని ఈ ఎర్రదాని మీద వంగంగనే, నడుము మోసపోయినట్టే కాళ్లు గూడ మోసపోయినయ్. మగ్గం వచ్చింది, పని మొదలుపెట్టుండ్రి అనుకున్నయ్. ముప్పై మూడేండ్లు చెప్పిన మాట విన్న కాళ్లను ఏమని తిడుతడు?

"మగ్గం కాడ నేర్చినయ్. మగ్గం కాడనే మర్పియ్యి" అన్నది లచ్చవ్వ.

మల్లతెల్లారి నుంచి మిల్లు నుంచి రాంగనే ఉపేందర్ మగ్గం గుంటల దిగుడు షురూ చేసిండు. తొక్కుడు చెక్కల తాళ్లు విప్పేసిండు, సగం నేసిన ఎర్రంచు జంపఖానా మీద ఒక పాత చీర కప్పిండు. ఎడమ చెక్క గేరు. కాలి వేళ్లతోని కింది నుంచి ఎత్తితే గేరు ఎక్కినట్టు, మీది నుంచి తొక్కితే దిగినట్టు. కుడి చెక్క బ్రేకు. ఒక కాలు తొక్కితే రెండోది కదలొద్దు. అదే నియమం.

పద్మలత గట్టు మీద నిలబడి రోడ్డైంది. "బర్రె!" అని ఒర్లేది. ఉపేందర్ కుడి కాలు తొక్కాలె. తొక్కేటోడు. తొక్కంగనే ఎడమది గూడ లేచి తొక్కేది. "సచ్చింది బర్రె" అనేది పద్మలత.

రాట్నం కాడి నుంచి లచ్చవ్వ గూడ కలిసేది. ఆమె ఏనాడు బండి ఎక్కలేదు గని, ఎల్లస్వామితోని ఆటోల పోయినప్పుడు హన్మకొండ చౌరస్తా చూసింది. "రెడ్ లైట్!" అనేది. కుడి కాలు. "పచ్చ లైట్!" ఎడమ కాలు పైకి. ఆ రెండు తప్ప ఆమెకు వేరే రోడ్డు తెల్వది. గని పచ్చ లైట్ అని చెప్పుడు మరిచిపోయేది. కొడుకు కుడి కాలు తొక్కిపెట్టి, "అవ్వా, పచ్చది పడలేదా?" అని బతిమిలాడేటోడు.

ఓంకార్ ఒకనాడు వచ్చి తలుపు కాడ నిలబడి చూసిండు. గుంటల హెల్మెట్ పెట్టుకొని దోస్తు. గట్టు మీద వదినె, ఆర్టీసీ బస్సు, ఆర్టీసీ బస్సు అని చేతులు ఊపుతాంది. "నేను మల్లొస్త తియ్యి" అని ఎల్లిపోయిండు.

ఎనిమిదో దినం పద్మలత ఇరవై బర్రెలను అడ్డం తోలింది. ఒక్కటి చావలేదు. ఎడమ కాలు దాని జాగల అది ఉన్నది, రాయి లెక్క.

నెలాఖరుకు నాలుగు దినాలుండంగ పోయి ఎర్రబండి తెచ్చుకున్నడు. మనసును మాత్రం అటిటు పోనియ్యలేదు. తొవ్వ పొడుగునా "ఎడమ గేరు, కుడి బ్రేకు" అని హెల్మెట్‌ల గొణుక్కుంటనే వచ్చిండు, బడి పిలగాడు ఎక్కం చదివినట్టు. వాడల అడుగు పెట్టంగనే పండుగైంది. ఎల్లస్వామి నేత ఆపి బయటికొచ్చి, "ఏం బావా, మొన్నటి ఇసుక కుప్పకు ఇంకా బాకీ ఉన్నవా?" అన్నడు. ఎవలో అరుగు మీది నుంచి "డాడీ గిఫ్టంట! వెంకటరాజం తాత పై నుంచి పంపినట్టున్నడు" అన్నరు. ఉపేందర్ ఆ స్టిక్కర్‌ను గోరుతోని గీకి చూసిండు. రాలేదు. నాయిన ఇచ్చినయ్ అంత అల్కగ రావు అనుకొని వదిలేసిండు.

తెల్లారి ఏడుంబావుకు బయల్దేరి, ఎనిమిదికి పది నిమిషాలుండంగ మిల్లు గేటు కాడ దిగిండు. దిగి, భయం భయంగ లేచిండు. లేచి లేచి నిటారుగ అయిండు. ఇంకా లేవాల్నా అని చూసుకున్నడు, అంతకంటె లేచేది లేదు. మిషన్ కాడికి పోయి చేతులు ఎనుకకు కట్టుకొని నిలబడ్డడు. గిట్ల నిలబడుడు ఎన్నో దినాల సంది అనుకున్నదే.

రాజేశ్వర్ రావు వచ్చిండు. చూసిండు. కిటికీల నుంచి బయట ఎర్రబండిని గూడ చూసిండు.

"అది నీదా?"

"నాదే సార్."

"మీ కొడుకుదా?"

"నాకు కొడుకుల్లేరు సార్. నాదే."

రాజేశ్వర్ రావు ఒకసారి గడియారం దిక్కు చూసిండు. "మూడో నంబర్ మిషన్ మీద పోగు తెగింది. చూడు" అన్నడు. ఉపేందర్‌కు ఆ మాట చాలు. నెలాఖరు వచ్చింది, పోయింది. దండాలు పెట్టుకునే అవసరం పడలేదు.

తర్వాతి ఆదివారం పద్మలత షరతు. ఆమె బండి చుట్టు ఒకసారి తిరిగి, పీటంత సీటును చూసి, చీర కుచ్చిళ్లు ఎగజెక్కి, అరుగు మీది నుంచి ఎక్కింది. ఎక్కితే ఉపేందర్ తలకాయ ఆమె రొమ్ముకు వచ్చింది. వాడంతా చూసింది. అంబారీ మీద దొరసాని ఊరేగుతున్నట్టు ఆమె పైన, మావటోని లెక్క వంగిపోయి ఆయన కింద. తొవ్వల గట్టమ్మ గుడి కాడ ఆగి కొబ్బరికాయ కొట్టిండ్రు. ములుగు దాటింది, పస్రా దాటింది, తాడ్వాయి అడవి వచ్చింది. వాంతులు రాలేదు. రాకపోంగ నోరు తెరుచుకున్నది.

"ఇన్నేండ్లు నీ మోపెడ్ మీద నీ ఈపు తప్ప ఏం కనపడకపోయేది. ఇప్పుడు రోడ్డంతా నాకే కనపడ్తాంది. ముంగట కోతులున్నయ్. బ్రేకు!"

కుడి కాలు తొక్కింది. ఎడమది కదలలేదు.

ఏటూరునాగారంల మామ పోశయ్య అల్లుని బండిని కాదు, అల్లుని నడుమును చూసిండు. "సాపైనవ్ అల్లుడా" అన్నడు. బువ్వ తిన్నంక ఒక మాట అడిగిండు. "నాకొక జంపఖానా నేసియ్యి. దుకాణంల దొరికేది నాకొద్దు. నీ చేతిది. ఈ గచ్చు మీద పండుకుంటే సలి పెడ్తాంది."

ఉపేందర్‌కు చానా సంతోషమైంది. కుర్చీల మీదికి లేచిన లోకంల ఇంకా నేల మీద పండుకునే మనిషి ఒకడు మిగిలిండు, వాడు గూడ తన మామే. "ఎంత పని మామ! సగం నేసినదే ఉన్నది. రెండాదివారాలల్ల తెచ్చిస్త" అని మాటిచ్చిండు. వచ్చేటప్పుడు బండి మీద ఎర్రంచు ఎంత మిగిలింది, పచ్చ పట్టీ ఎక్కడ ఎయ్యాలె అని ఆలోచించుకుంట వచ్చిండు. కాళ్లు కిక్కురుమనలేదు.

పై ఆదివారం పొద్దుగాల పాత చీర తీసి దులిపిండు. తొక్కుడు చెక్కల తాళ్లు మల్ల కట్టిండు. గుంటల కాళ్లు పెట్టి, ముందుకు వంగి కూసున్నడు. నడుము హాయిగ ఉన్నది. లచ్చవ్వ రాట్నం ఆపింది, కొడుకు మగ్గం చప్పుడు విని రెండేండ్లైంది.

ఎడమ కాలు తొక్కిండు. పోగులు లేచినయ్. అడ్డం పోగు తీసిండు, పంజాతోని కొట్టిండు. ఇప్పుడు కుడిది.

కుడిది రాలేదు.

రాదా అని చూసిండు. కాలు చెక్క మీద ఆని ఉన్నది, బర్రె కొరకు ఎదురుచూస్తున్నట్టు. మనసుతోని తొక్కిచ్చిండు. తొక్కింది. మల్ల ఎడమది అడుగుతాంది, గేరు ఎక్కాల్నా దిగాల్నా అని. తొక్కుడు మరిచి రెండు పోగులు ఒక్క సందుల్నే ఏసిండు. విప్పిండు. మల్ల ఏసిండు. నలభై ఆరేండ్లకు ఒక్కటి కొత్తది నేర్చుకుంటే, ఉన్న ఒక్కటి అటు పోయింది. ఈ తలకాయల, ఈ కాళ్లల్ల రెండింటికి జాగ లేదని ఆనాడు లెక్కల సారుకు తెలిసే గేటు దాక వచ్చిండు కావచ్చు. బయట వాకిట్ల ఎర్రబండి ఎండల నిగనిగలాడుతాంది. దాన్ని చూస్తె కోపం రాలేదు. నవ్వు రాబోయి మధ్యలనే ఆగింది.

రాట్నం కాడి నుంచి లచ్చవ్వ తలకాయ ఒరగేసి విన్నది. ఒక ధబ్ వినపడ్డది, రెండోది వినపడలేదు.

"ఏమైంది కొడుకా? రెడ్ లైట్ పడ్డదా?"

"పడ్డదవ్వా" అన్నడు ఉపేందర్, కుడి కాలి దిక్కు చూసుకుంట. "నువ్వు పచ్చదను. ఇది రోడ్డు కాదు మగ్గం, ఈడ పచ్చ అంటే తొక్కుడే. ఒక్కొక్కటే అను, నేను తొక్కుత."

"పచ్చ" అన్నది లచ్చవ్వ.

కుడి కాలు తొక్కింది.